మజిల్ కార్ల మాన్యువల్ గేర్‌బాక్స్: మన్నిక, ఎంపిక

క్లచ్ తొక్కి, చేత్తో లివర్ కదిపి గేర్లు మార్చుకునే బాక్సును మాన్యువల్ గేర్‌బాక్స్ అంటారు. 1960ల నాటి అమెరికన్ మజిల్ కారును బాగుచేయించి మళ్లీ రోడ్డెక్కించే యజమానికి ఇంజన్ తర్వాత అంతటి పెద్ద నిర్ణయం ఈ బాక్సు గురించే. ఆ కార్లతో పాటు వచ్చిన నాలుగు గేర్ల బాక్సుల్లో గట్టివి కొన్నే. వాటి స్థానంలో బిగించడానికి ఇప్పుడు దొరికే ఐదు, ఆరు గేర్ల బాక్సులూ కొన్నే. ఏది మన్నుతుందన్నది బాక్సు పేరు చూసి చెప్పలేం. ఇంజన్ టార్క్, కారు బరువు, టైర్ల పట్టు, వెనక ఇరుసులోని క్రౌన్-పినియన్ నిష్పత్తి, క్లచ్ రకం, బిగింపులోని ఖచ్చితత్వం కలిసి తేల్చే విషయం అది.

నిర్వచనం, పరిధి

మధ్యతరహా బాడీలో పెద్ద వి-8 ఇంజన్ పెట్టి, సామాన్య ఉద్యోగికి అందే ధరలో కంపెనీలే అమ్మిన రెండు తలుపుల కారు మజిల్ కారు. 1964 మోడల్ పాంటియాక్ జీటీఓతో ఈ వరస మొదలైందని సాధారణంగా లెక్కిస్తారు. ఫోర్డ్ మస్టాంగ్, షెవ్రొలే కమారో వంటి చిన్న బాడీ కార్లను పోనీ కార్లని విడిగా పిలుస్తారు. గేర్‌బాక్స్ విషయంలో మాత్రం ఆ విభజన అక్కరకు రాదు. రెండింటిలోనూ అవే ఇంజన్లు, అవే బాక్సులు.

గేర్‌బాక్స్ మన్నిక అంటే రెండు వేర్వేరు గుణాలు. మొదటిది బలం: ఒక్కసారిగా పడే దెబ్బకు పళ్లు విరగకుండా, షాఫ్టు మెలితిరగకుండా, కేసింగ్ పగలకుండా నిలవడం. రెండోది అరుగుదలను తట్టుకోవడం: సింక్రో రింగులు (గేరు పడే ముందు వేగాలను సమం చేసేవి), బేరింగులు, బుష్షులు ఏళ్ల తరబడి పనిచేయడం. ఒకటి ఉన్న బాక్సులో రెండోది కూడా ఉంటుందన్న హామీ లేదు. డ్రాగ్ రేసుకు చేసిన బాక్సు మొదటి గుణంలో మేటి. ఊళ్లో సిగ్నల్ సిగ్నల్‌కీ గేరు మార్చే వాడకంలో అదే బాక్సు ఇబ్బంది పెడుతుంది.

చరిత్ర

1950ల నడిమి వరకు అమెరికన్ కార్లలో మామూలుగా ఉండేది స్టీరింగ్ కాలమ్ మీద లివర్ ఉన్న మూడు గేర్ల బాక్సు. వాటిలో చాలావాటికి మొదటి గేరులో సింక్రో ఉండేది కాదు. కారు కదులుతుండగా మొదటి గేరు వేయాలంటే మన పాత లారీ డ్రైవర్ల లాగా డబుల్ క్లచ్ కొట్టాల్సిందే. 1957లో షెవ్రొలే కార్వెట్‌కు నాలుగు గేర్ల బోర్గ్-వార్నర్ టి-10 ఐచ్ఛికంగా వచ్చింది. ముందుకు వెళ్లే నాలుగు గేర్లకూ సింక్రో ఉన్న ఆ బాక్సును కొద్ది ఏళ్లలోనే ఇతర కంపెనీలూ తీసుకున్నాయి.

ఇంజన్ల టార్క్ పెరిగేకొద్దీ టి-10 ఇబ్బంది పడసాగింది. 1963లో జనరల్ మోటార్స్ ఇండియానా రాష్ట్రంలోని మన్సీ పట్టణంలో సొంత బాక్సు తయారీ మొదలుపెట్టింది. టి-10 తయారుచేసే వార్నర్ గేర్ కర్మాగారమూ అదే ఊళ్లో ఉండేది. 1964 మోడల్ ఏడాదికి ఫోర్డ్ టాప్‌లోడర్‌నూ, క్రైస్లర్ ఎ-833నూ దించాయి. మజిల్ కార్ల వైభవానికి అవసరమైన ఇనుము అంతా ఈ రెండేళ్లలోనే సిద్ధమైంది. అదే 1964లో జీటీఓ ప్యాకేజీతో మామూలుగా ఇచ్చింది మాత్రం హర్స్ట్ షిఫ్టర్‌తో ఫ్లోర్ మీద లివర్ ఉన్న మూడు గేర్ల బాక్సే. నాలుగు గేర్లకు అదనంగా చెల్లించాలి.

1970 ఈ పరుగుకు శిఖరం. ఆ ఏడాది షెవ్రొలే షెవెల్‌లో వచ్చిన 454 ఘనపు అంగుళాల ఎల్ఎస్-6 ఇంజన్‌కు కంపెనీ ప్రకటించిన శక్తి 450 హార్స్‌పవర్, టార్క్ 500 పౌండ్-అడుగులు, అంటే సుమారు 678 న్యూటన్ మీటర్లు. క్రైస్లర్ 426 హెమీది 490 పౌండ్-అడుగులు. ఇవి ఫ్యాను, సైలెన్సర్ వంటివి లేకుండా ఇంజన్‌ను విడిగా కొలిచిన గ్రాస్ అంకెలు. 1972 మోడళ్ల నుంచి అన్నీ బిగించి కొలిచే నెట్ పద్ధతి వచ్చింది కాబట్టి అంతకు ముందరి అంకెలను ఇప్పటి బాక్సుల సామర్థ్యంతో నేరుగా పోల్చకూడదు. బీమా భారం, కాలుష్య నిబంధనలు, 1973 చమురు సంక్షోభం కలిసి ఈ కార్ల కాలాన్ని ముగించాయి. మన్సీ నాలుగు గేర్ల బాక్సు తయారీ 1974తో ఆగింది.

1980ల ఆరంభంలో బోర్గ్-వార్నర్ టి-5తో ఐదో గేరు ఓవర్‌డ్రైవ్‌గా (ఇంజన్ కంటే వెనక షాఫ్టు వేగంగా తిరిగేలా) మాన్యువల్ బాక్సు తిరిగి ప్రాణం పోసుకుంది. 1992 డాడ్జ్ వైపర్‌తో ఆరు గేర్ల టి-56 వచ్చింది. 1990ల నడిమిలో ఈ రెండు నమూనాలూ మెక్సికోలోని కెరెతారోకు చెందిన ట్రెమెక్ చేతికి వెళ్లాయి. పాత కార్లకు కొత్త బాక్సులందించే వారిలో ఇప్పుడు ముందున్నది ఆ కంపెనీయే.

పనితీరు

వెనక చక్రాలు నడిచే కారు గేర్‌బాక్సులో ప్రధానంగా మూడు షాఫ్టులుంటాయి. క్లచ్ నుంచి వచ్చే ఇన్‌పుట్ షాఫ్టు, దాని కింద కౌంటర్ షాఫ్టు, ఇన్‌పుట్‌కు సూటిగా వెనక మెయిన్ షాఫ్టు. మొదటి మూడు గేర్లలో బలం ఇన్‌పుట్ నుంచి కిందికి దిగి కౌంటర్ షాఫ్టు మీదుగా మళ్లీ పైకెక్కి మెయిన్ షాఫ్టుకు చేరుతుంది. పాత నాలుగు గేర్ల బాక్సుల్లో నాలుగో గేరు వేస్తే ఇన్‌పుట్, మెయిన్ షాఫ్టులు ఒకదానికొకటి తాళం పడి ఒకే కడ్డీలా తిరుగుతాయి. అప్పుడు కౌంటర్ షాఫ్టు మీద భారం ఉండదు. పాత బాక్సులు హైవే మీద లక్షల కిలోమీటర్లు నడవడానికి ఇదే కారణం. వాటి ప్రాణం పోయేది కింది గేర్లలో.

పళ్ల చక్రాలు బలాన్ని అందించేటప్పుడు ఒకదాన్నొకటి పక్కకు తోసుకుంటాయి. రెండు షాఫ్టులనూ విడదీయాలని చూసే ఈ తోపుడును కేసింగ్ అదిమి పట్టాలి. కేసింగ్ కాస్త వంగినా పళ్లు పూర్తి వెడల్పున కలవవు. భారమంతా పంటి కొన మీద పడి అది విరుగుతుంది. అందుకే షాఫ్టుల మధ్య దూరం, కేసింగ్ లోహం, షాఫ్టు లావు బలానికి అసలు కొలమానాలు. టి-5లో షాఫ్టుల మధ్య దూరం 77 మిల్లీమీటర్లు, టి-56లో 85. ఎనిమిది మిల్లీమీటర్ల తేడా చూడ్డానికి చిన్నదే. పళ్ల వెడల్పు, షాఫ్టుల లావు కూడా దానితో పాటు పెరగడంతో రెండు బాక్సుల సామర్థ్యానికీ పొంతనే లేదు.

పళ్లను ఏటవాలుగా కోస్తే శబ్దం తగ్గుతుంది. ఒకేసారి ఎక్కువ పళ్లు కలుస్తాయి. దానికి మూల్యం షాఫ్టును ముందుకో వెనక్కో నెట్టే అక్షబలం. వాలు తగ్గిస్తే ఆ నెట్టుడు, దానితో పుట్టే వేడి తగ్గుతాయి గానీ బాక్సు గోల పెడుతుంది.

గేరు సజావుగా పడేలా చూసేది సింక్రో. ఇత్తడి రింగు గేరు శంకువు మీద ఒరుసుకుని రెండింటి వేగాన్నీ సమానం చేస్తుంది. సమానం అయ్యేదాకా స్లీవ్‌ను ముందుకు పోనివ్వదు. రింగులోని సన్నని గాట్లు అరిగిపోతే ఈ అడ్డగింపు పోయి, గేరు మార్చినప్పుడల్లా గరగరమంటుంది.

కంపెనీలు బిగించిన బాక్సులు

టి-10. మొదటి తరం నాలుగు గేర్ల బాక్సు. ఆరంభంలో కేసింగ్ పోత ఇనుముది, తర్వాత అల్యూమినియంది. 283, 327 ఘనపు అంగుళాల చిన్న వి-8లకు సరిపోతుంది. తర్వాత వచ్చిన సూపర్ టి-10 దీనికంటే గట్టిది. పెద్ద ఇంజన్ వెనక పాత టి-10 పెట్టడం సరికాదు. మొదట్లో ఆ బాక్సుతో వచ్చిన కారును అసలు రూపంలో నిలబెట్టాలనుకున్నప్పుడే దానికి స్థానం ఉంది.

మన్సీ. మూడు రకాలు. ఎం-20 వెడల్పు నిష్పత్తులది: 1966 నుంచి మొదటి గేరు 2.52, రెండోది 1.88, మూడోది 1.46. ఎం-21 దగ్గర నిష్పత్తులది: 2.20, 1.64, 1.28. ఎం-22 నిష్పత్తులూ దాదాపు అవే గానీ పళ్ల వాలు బాగా తక్కువ. దాని రొదకు రాక్ క్రషర్ అనే పేరు స్థిరపడింది. కంకర మిల్లు పక్కన నిలబడ్డ వారికి ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. ఎల్ఎస్-6 షెవెల్‌ను మాన్యువల్‌తో కొన్నవారికి కంపెనీ ఇచ్చింది ఈ ఎం-22నే.

మూడింటికీ కేసింగ్ అల్యూమినియంది. బరువు తక్కువ. ఏళ్లు గడిచేకొద్దీ కౌంటర్ షాఫ్టు పిన్ను కూర్చునే రంధ్రం వదులవడం దీని పెద్ద లోపం. ఆ వదులు వల్ల ముందువైపు నూనె కారుతుంది, షాఫ్టు వాలిపోతుంది, పళ్లు ఏడుస్తాయి. 1963–65 బాక్సుల్లో ఈ పిన్ను 7/8 అంగుళం, 1966 నుంచి పూర్తి అంగుళం. కొనేటప్పుడు చూడాల్సిన మొదటి తేడా ఇదే. 1971లో ఇన్‌పుట్ షాఫ్టు స్ప్లైన్లను (షాఫ్టు కొన చుట్టూ ఉండే గాడులను) 10 నుంచి 26కు పెంచి, వెనక షాఫ్టును కూడా 27 నుంచి 32 స్ప్లైన్లకు మార్చారు.

టాప్‌లోడర్. మిగతా బాక్సులను పక్క మూత తీసి విప్పితే, దీని మూత పైన ఉంటుంది. పేరు అందుకే. పక్క గోడకు పెద్ద రంధ్రం లేకపోవడంతో పోత ఇనుప కేసింగ్ ఒకే గట్టి పెట్టెలా నిలుస్తుంది. వెడల్పు నిష్పత్తుల రకంలో మొదటి గేరు 2.78, దగ్గర నిష్పత్తుల రకంలో 2.32. చిన్న ఇంజన్లకు ఇన్‌పుట్ షాఫ్టు 1-1/16 అంగుళాలది, వెనక 28 స్ప్లైన్లు. 427, 428, 429 ఇంజన్లతో వచ్చిన గట్టి రకానికి ఇన్‌పుట్ 1-3/8 అంగుళాలు, వెనక 31 స్ప్లైన్లు. కంపెనీ బాక్సులన్నింటిలో ఈ పెద్ద షాఫ్టు టాప్‌లోడర్‌ను, హెమీ ఎ-833ను పక్కపక్కన పెట్టి పోల్చడం రివాజు. రోడ్డు మీద నడిచే కారుకు ఏదైనా అవసరానికి మించిన బలమే.

ఎ-833. న్యూయార్క్ రాష్ట్రం సిరక్యూస్‌లోని న్యూ ప్రాసెస్ గేర్ కర్మాగారంలో తయారైంది. పోత ఇనుప కేసింగ్, బరువైన చక్రాలు. మామూలు రకానికి 23 స్ప్లైన్ల సన్నని ఇన్‌పుట్ షాఫ్టు. హెమీ, 440 ఇంజన్లకు 18 స్ప్లైన్ల లావు షాఫ్టు. హెమీ రకం మొదటి గేరు 2.65. కంపెనీ తన నాలుగు గేర్ల హెమీ కార్లకు వెనక డానా 60 ఇరుసు కూడా ఇచ్చింది. గేర్‌బాక్స్ ఒక్కటే గట్టిదైతే చాలదని ఇంజినీర్లకు అప్పుడే తెలుసు. 1975 నుంచి ఇదే పేరుతో 0.73 ఓవర్‌డ్రైవ్ ఉన్న రకం వచ్చింది. అది పొదుపు కోసం చేసింది, దాని మొదటి గేరు 3.09. పేరు ఒకటే కదా అని పెద్ద ఇంజన్‌కు బిగించకూడదు.

సాగినా. జనరల్ మోటార్స్ ఆరు సిలిండర్ల, చిన్న వి-8 కార్లకు ఇచ్చిన తేలిక బాక్సు. మజిల్ కారుకు పనికిరాదు. ప్రస్తావించడానికి కారణం, పాత సామాన్ల బజారులో ఇది మన్సీగా అమ్ముడుపోతుండటం. గుర్తుపట్టడం తేలికే. పక్క మూతకు బోల్టులు లెక్కపెట్టాలి, రివర్స్ లివర్ ఎక్కడుందో చూడాలి. తొమ్మిది బోల్టులుంటే టి-10. ఏడు బోల్టులుండి రివర్స్ లివర్ వెనక తోక భాగంలో ఉంటే మన్సీ. ఏడు బోల్టులుండి మూడు లివర్లూ పక్క మూత మీదే ఉంటే సాగినా.

ఓవర్‌డ్రైవ్ బాక్సులు

పాత నాలుగు గేర్ల బాక్సుల ఉమ్మడి లోటు పై గేరు 1.00 దగ్గరే ఆగిపోవడం. 26 అంగుళాల వ్యాసం టైరు, 3.73 క్రౌన్-పినియన్ ఉన్న కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఉంటే ఇంజన్ నిమిషానికి దాదాపు 3,000 చుట్లు తిరుగుతుంది. 0.68 ఓవర్‌డ్రైవ్‌తో అది 2,040కి దిగుతుంది. ఇంజన్ అరుగుదల, పెట్రోలు, చెవుల హోరు అన్నీ తగ్గుతాయి.

టి-5 తేలికైనది, గేర్లు మెత్తగా పడతాయి. గట్టి రకాలకు కూడా ప్రకటించిన సామర్థ్యం 300 పౌండ్-అడుగుల దరిదాపుల్లోదే. 289, 302 వంటి ఇంజన్లకు, నెమ్మదిగా నడిపేవారికి సరిపోతుంది. 400 ఘనపు అంగుళాలు దాటిన ఇంజన్ వెనక టి-5 ఎక్కువ కాలం నిలవదు.

ట్రెమెక్ టికెఓ వరసలో 500, 600 పౌండ్-అడుగుల రకాలుండేవి. 2020లో దాని స్థానంలో 600 పౌండ్-అడుగుల, అంటే సుమారు 813 న్యూటన్ మీటర్ల టికెఎక్స్ వచ్చింది. పాత కార్ల నేల రేకులో బాక్సు కూర్చునే ఇరుకు సొరంగాల్లో పట్టేలా దీని కేసింగ్‌ను చిన్నగా రూపొందించారు. 3.27 మొదటి గేరుతో ఒక రకం, 2.87తో రెండు రకాలు ఉన్నాయి. ఐదో గేరు రకాన్ని బట్టి 0.72, 0.81 లేదా 0.68. టికెఓ మీద ఉన్న పాత ఫిర్యాదు, ఎక్కువ చుట్ల వద్ద గేరు అడ్డం తిరగడం, ఇందులో చాలా తగ్గింది.

ఆరు గేర్ల టి-56 మాగ్నమ్ సామర్థ్యం 700 పౌండ్-అడుగులు. బరువు, పరిమాణం కూడా ఎక్కువే. 1960ల కార్లలో చాలావాటికి నేల రేకు కోసి సొరంగం ఎత్తు పెంచితే తప్ప పట్టదు. ఒకసారి కోసిన రేకు మళ్లీ అసలు రేకు కాదు కాబట్టి అరుదైన కారు యజమాని ఈ నిర్ణయానికి ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

మధ్యేమార్గం ఒకటుంది. పాత నాలుగు గేర్ల బాక్సును అలాగే ఉంచి, దాని వెనక గేర్ వెండర్స్ వంటి విడి ఓవర్‌డ్రైవ్ యూనిట్‌ను తగిలించడం. అది 0.78 నిష్పత్తి ఇస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్టును కురచ చేయించాలి. ఇక రిచ్‌మండ్ ఐదు గేర్ల బాక్సుకు ఓవర్‌డ్రైవ్ ఉండదు: మొదటి గేరు 3.27, ఐదోది 1.00. తక్కువ క్రౌన్-పినియన్ నిష్పత్తి పెట్టుకుని, చురుకైన మొదటి గేరు కావాలనుకునే వారికి అది. జెరికో వంటి రేసు బాక్సుల్లో సింక్రోలుండవు. అవి ఈ వ్యాస పరిధిలోకి రావు.

ఎంపికకు ఆధారాలు

టార్క్, పట్టు

కేటలాగులోని టార్క్ అంకె ఇంజన్ నిలకడగా ఇచ్చే టార్క్‌కు సంబంధించినది. బాక్సును విరిచేది చాలాసార్లు ఆ టార్క్ కాదు. ఇంజన్‌ను హోరెత్తించి క్లచ్ పెడల్‌ను ఒక్కసారిగా వదిలేసినప్పుడు, తిరుగుతున్న ఫ్లైవీల్ బరువంతా క్షణంలో పళ్ల మీద పడుతుంది. ఆ దెబ్బ ఎంత గట్టిగా తగులుతుందన్నది టైర్లు జారతాయా, పట్టుకుంటాయా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. టైర్లు ఇంట్లో ఫ్యూజు లాంటివి.

లెక్క వేసి చూడవచ్చు. 1,700 కిలోల కారు, బయల్దేరేటప్పుడు 60 శాతం బరువు వెనక చక్రాల మీద, 0.8 ఘర్షణ గుణకం గల మామూలు టైర్లు, 33 సెంటీమీటర్ల చక్ర వ్యాసార్థం అనుకుంటే, టైర్లు జారే ముందు చక్రాల వద్ద గరిష్ఠ టార్క్ సుమారు 2,640 న్యూటన్ మీటర్లు. 4.10 క్రౌన్-పినియన్ ఉంటే గేర్‌బాక్స్ వెనక షాఫ్టు మీద పడేది 644. అదే కారుకు డ్రాగ్ స్లిక్ టైర్లు వేసి, గుణకం 1.5, వెనక బరువు 75 శాతం అనుకుంటే వెనక షాఫ్టు మీద భారం 1,510కి ఎగబాకుతుంది. ఇంజన్ అదే, బాక్సు అదే. టైర్లు మార్చినందుకు భారం రెట్టింపు దాటింది.

ఈ లెక్కలోనే చాలామంది పట్టించుకోని మరో సంగతి ఉంది. క్రౌన్-పినియన్ నిష్పత్తి తగ్గించినకొద్దీ గేర్‌బాక్స్ మీద భారం పెరుగుతుంది. అవే స్లిక్ టైర్లతో 4.10 బదులు 3.08 పెడితే, ఇంజన్ అంత టార్క్ అందించగలిగితే, వెనక షాఫ్టు మీద పడేది 2,010. హైవే కోసం ఇరుసు నిష్పత్తి తగ్గించి, ఆ లోటు తీరడానికి 3.27 మొదటి గేరు తెచ్చుకున్నవారు బాక్సు వెనక భాగానికి ఎక్కువ పని చెబుతున్నారన్నమాట.

నిష్పత్తులు

మొదటి గేరు నిష్పత్తిని క్రౌన్-పినియన్ నిష్పత్తితో గుణిస్తే కారు ఎంత చురుగ్గా బయల్దేరుతుందో తెలుస్తుంది. రోడ్డు కారుకు ఈ లబ్ధం 9కీ 11కీ మధ్య ఉంటే హాయి. 2.20 మొదటి గేరుకు 4.10 జతచేస్తే 9.0. 2.52కు 3.55 జతచేస్తే 8.9. 2.87కు 3.55 జతచేస్తే 10.2. 3.27కు 3.73 జతచేస్తే 12.2: మొదటి గేరు పడీ పడగానే రెండోది వేయాల్సి వస్తుంది, టైర్లు ఊరికే జారతాయి. పెద్ద వి-8 ఇంజన్‌కు 2.87 రకాన్ని ఎక్కువమంది మెకానిక్కులు సూచించేది ఇందుకే.

బలం దృష్ట్యా కూడా చిన్న మొదటి గేరుదే పైచేయి. 678 న్యూటన్ మీటర్ల టార్క్‌ను 2.20 గేరు 1,492కి పెంచితే, 3.27 గేరు 2,217కి పెంచుతుంది. పైగా పెద్ద నిష్పత్తి కోసం కౌంటర్ షాఫ్టు మీద మొదటి గేరు చక్రాన్ని తక్కువ పళ్లతో చిన్నగా చేయాల్సి వస్తుంది.

క్లచ్ (చూ. టార్క్, పట్టు)

రాగి-సిరామిక్ ముక్కలున్న క్లచ్ ప్లేటు జారకుండా ఒక్కసారిగా పట్టుకుంటుంది. బాక్సుకు అది సుత్తి దెబ్బ. సేంద్రియ పూత ఉన్న, మధ్యలో స్ప్రింగులున్న ప్లేటు కాస్త జారి పట్టుకుంటుంది కాబట్టి దెబ్బలో కొంత భాగాన్ని తానే తింటుంది. రోడ్డు కారుకు రెండోదే మంచిది. ప్లేటు కొనేటప్పుడు ఇన్‌పుట్ షాఫ్టు స్ప్లైన్లను లెక్కపెట్టి చెప్పాలి.

పాత బాక్సును పరీక్షించడం

యాభై ఏళ్లు దాటిన బాక్సును నమ్మకం మీద కొనకూడదు. ముందుగా డ్రెయిన్ బిరడా విప్పి నూనెను తెల్లని పళ్లెంలోకి పోయాలి. బంగారు రజను లాంటి మెరుపు కనిపిస్తే సింక్రో రింగుల ఇత్తడి అది. కొద్దిగా ఉండటం సహజమే. అయస్కాంతానికి అంటుకునే ఉక్కు పెంకులు తగిలితే పళ్లు గానీ బేరింగు గానీ దెబ్బతిన్నట్టే.

తర్వాత మూత తీసి వెలుతురులో చూడాలి. సింక్రో రింగుకూ గేరు పళ్లకూ మధ్య సన్నని ఖాళీ ఉండాలి. రింగును వేళ్లతో శంకువు మీద అదిమి తిప్పితే పట్టుకోవాలి. గేరు పక్కనుండే చిన్న పళ్ల కొసలు కోణంగా ఉండాలి. కొట్టుకుపోయి గుండ్రబడితే నడిచేటప్పుడు యాక్సిలరేటర్ వదలగానే గేరు దానంతటదే న్యూట్రల్‌లోకి జారిపోతుంది. ఇన్‌పుట్ షాఫ్టును చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఊపితే కొద్దిపాటి కదలిక మామూలే. ఠక్కుమని శబ్దం వస్తే బేరింగు మార్చాలి. మన్సీలో అయితే కౌంటర్ షాఫ్టు పిన్ను ముందు రంధ్రం చుట్టూ నూనె మరక, నెర్రె ఉన్నాయేమో గుడ్డతో తుడిచి మరీ చూడాలి. ఆ రంధ్రం వదులైన కేసింగ్‌కు బుష్షు వేయించవచ్చు గానీ, కొత్త కేసింగ్ దొరుకుతున్నప్పుడు అది తాత్కాలిక వైద్యమే.

కేసింగ్ మీది అంకెలను చదవడం నేర్చుకోవాలి. మన్సీ సంఖ్య పి అనే అక్షరంతో మొదలవుతుంది. 1969 మోడళ్ల నుంచి చివర్లో ఎ ఉంటే ఎం-20, బి ఉంటే ఎం-21, సి ఉంటే ఎం-22. ఇన్‌పుట్ షాఫ్టు మీది గీతలు ఇంకో సాక్ష్యం: రెండు గీతలు ఎం-20కి, ఒకటి ఎం-21కి, గీత లేకపోతే ఎం-22. షాఫ్టును మార్చి ఉండవచ్చు, అక్షరాన్ని కొత్తగా కొట్టి ఉండవచ్చు. కాబట్టి మూత తీసి పళ్ల వాలును కళ్లారా చూడటమే తిరుగులేని పరీక్ష. టాప్‌లోడర్‌కు ఆర్‌యూజీతో మొదలయ్యే రేకు బిళ్ల తగిలించి ఉంటుంది. ఏళ్ల మరమ్మతుల్లో చాలా బాక్సులు దాన్ని పోగొట్టుకున్నాయి.

బిగింపు

కొత్త బాక్సు కొని, పాత బెల్ హౌసింగ్‌కు (ఇంజన్‌కూ బాక్సుకూ మధ్య క్లచ్‌ను కప్పే పెట్టెకు) కొలవకుండా బిగించేయడం ఈ పనిలో జరిగే అతి ఖరీదైన తప్పు. ఇంజన్ క్రాంక్ షాఫ్టు, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టు ఒకే గీత మీద ఉండాలి. బెల్ హౌసింగ్ మధ్య రంధ్రం ఆ గీతకు కాస్త పక్కకు ఉంటే గేర్లు కష్టంగా పడతాయి, పైలట్ బుష్షు అరుగుతుంది, ముందు బేరింగు ఏడుస్తుంది. ఆ తప్పును బాక్సు మీదికి నెట్టేస్తారు.

కొలిచే పద్ధతి ఇది. స్పార్క్ ప్లగ్గులు తీసేసి, డయల్ గేజ్‌ను అయస్కాంతంతో ఫ్లైవీల్‌కు అంటించి, దాని మొన హౌసింగ్ రంధ్రం లోపలి అంచుకు తగిలేలా పెట్టాలి. క్రాంక్‌ను చేత్తో నెమ్మదిగా ఒక పూర్తి చుట్టు తిప్పుతూ ముల్లు ఎక్కడ ఎక్కువ చూపిందో, ఎక్కడ తక్కువ చూపిందో సుద్దతో గుర్తు పెట్టాలి. రెండింటి తేడా 0.005 అంగుళం, అంటే దాదాపు 0.13 మిల్లీమీటర్లు, దాటకూడదు. దాటితే ఆ తేడాలో సగం అసలు జరుగుడు. ఇంజన్ బ్లాకులోని మామూలు డోవెల్ పిన్నుల బదులు 0.007, 0.014, 0.021 అంగుళాల పక్కజరుగుడు ఉన్న పిన్నులు దొరుకుతాయి. తేడా 0.014 వస్తే 0.007 పిన్ను పెట్టి, సరైన వైపుకు తిప్పి మళ్లీ కొలవాలి. పూట పట్టే పని ఇది. అయినా చేసి తీరాల్సిందే.

రేసు ట్రాక్ మీదికి వెళ్లే కారుకు ఉక్కు బెల్ హౌసింగ్ ఉండాలి. ఎక్కువ చుట్ల వద్ద క్లచ్ గానీ ఫ్లైవీల్ గానీ పగిలితే ముక్కలు నేల రేకును చీల్చుకుని డ్రైవర్ కాళ్ల మీదికి వస్తాయి. అమెరికన్ ట్రాక్‌లలో ఎస్ఎఫ్ఐ 6.1 ధ్రువీకరణ ఉన్న హౌసింగ్ అడుగుతారు.

బాక్సు పొడవు మారితే ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు, కింది అడ్డపట్టీ, స్పీడోమీటర్ కేబుల్ గేరు, లివర్ బయటికి వచ్చే చోటు కూడా మారతాయి. యూనివర్సల్ జాయింట్ల కోణాలు ఒకటి నుంచి మూడు డిగ్రీల మధ్య, ముందూ వెనకా సమానంగా ఉండాలి. లేకపోతే ఓవర్‌డ్రైవ్‌లో వణుకు పుడుతుంది.

నూనె

పాత ఇత్తడి రింగుల బాక్సులకు జీఎల్-4 తరగతి 80డబ్ల్యు-90 గేరు ఆయిల్ వాడాలి. డిఫరెన్షియల్ కోసం చేసిన జీఎల్-5లో కొన్ని రకాల గంధక మిశ్రమాలు ఇత్తడిని తింటాయి. పైగా రింగు పట్టుకోవాల్సిన చోట జారుడు పెరిగి గేరు గరగరమంటుంది. వరల్డ్ క్లాస్ రకం టి-5, టి-56 బాక్సులు మాత్రం ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ద్రవంతో నడుస్తాయి. వాటిలో చిక్కటి గేరు ఆయిల్ పోస్తే చలి ఉదయాల్లో రెండో గేరు పడదు.

కొత్తగా కూర్చిన బాక్సును మొదటి 800 కిలోమీటర్లూ నెమ్మదిగా నడిపి, ఆ నూనెను తీసేసి కొత్తది పోయడం మంచి అలవాటు. తీసిన నూనెను అదే తెల్లని పళ్లెంలో పోసి చూడాలి.

అసలు బాక్సు విలువ (చూ. పాత బాక్సును పరీక్షించడం)

1960ల చివరి నుంచి చాలా కార్ల ఇంజన్, గేర్‌బాక్స్‌ల మీద కారు గుర్తింపు సంఖ్యలో కొంత భాగాన్ని కంపెనీలే కొట్టేవి. ఈ అంకెలు కారుతో సరిపోలితే సేకర్తల దృష్టిలో దాని విలువ గణనీయంగా పెరుగుతుంది. ఎక్కువ నడపాలనుకునే యజమానులు అసలు బాక్సును శుభ్రం చేసి, నూనె పట్టించి, గుడ్డ చుట్టి గ్యారేజీలో భద్రపరుస్తారు. కారులో కొత్త ఐదు గేర్ల బాక్సును నేల రేకు కోయకుండా బిగిస్తారు. కారు చేతులు మారిన రోజున రెండు బాక్సులూ, అసలు అడ్డపట్టీ, కురచ చేయని ప్రొపెల్లర్ షాఫ్టు దానితో పాటే వెళ్తాయి.